గోడ దాటిన బంతి

మా మామ పత్తి ధర నోటితో చెప్పగా నేను ఏనాడూ వినలేదు. ఆదోనిలో ఆయనది కమీషన్ దుకాణం. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని బేరం తెంపుకునే కాలం మనిషి. పైకి మాత్రం వానల గురించి మాట్లాడుకుంటూ ఉండేవారు. పక్కనే నిలబడ్డవాడికి కూడా ఏ ధరకు తెగిందో బొత్తిగా తెలిసేది కాదు. ఆ అలవాటు ఆయన వెంట ఇంట్లోకీ వచ్చింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పాలన్నా వీధి తలుపు మూసి వచ్చి చెప్పేవారు.

ఎనభైల నడుమ ఆ ఇంటికి నేను ఎమ్మిగనూరు నుంచి కోడలిగా వచ్చాను. మా పుట్టింటి వీధిలో మగ్గాల చప్పుడు ఆగేది కాదు. ఇక్కడ మనుషుల చప్పుడే లేదు. మా అత్త చెడ్డది కాదు కానీ మాట మహా పొదుపు. బియ్యం కడిగినావా, పాలు కాగినాయా, అంతే. ఆమెతో ఇంకేం మాట్లాడాలో నాకూ తోచేది కాదు. ఒంటరిగా ఉందని ఎవరికి చెప్పుకోను?

పత్తి బేళ్ళ పని మీద బొంబాయి పోయిన మా ఆయన ఒక టీవీ ఆట తెచ్చారు. నల్లటి పెట్టె, దానికి రెండు మీటలు. టీవీకి తగిలిస్తే అటొక గీత, ఇటొక గీత, నడుమ తెల్లటి బంతి. ఇంతే సంగతి. కానీ అంతవరకు టీవీ అంటే ఎవరో ఎక్కడి నుంచో పంపిస్తే మనం చూసేది. ఆ రోజు నేను మీట తిప్పితే గాజు వెనక గీత కదిలింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు తలచుకున్నా అదే జలదరింపు.

"పిక్చర్ ట్యూబ్ పోతాది. ఆదివారం తప్ప ముట్టుకోవాకండి" అని మామ ఆ పెట్టెను బీరువా మీద పెట్టించారు.

మరుసటి వారంలోనే ఒక సాయంత్రం, మామ ఇంకా దుకాణంలో ఉండగా, మా అత్త స్టూలు వేసుకుని పెట్టెను తనే దించింది. "గడియ బెట్టు" అంది. నేను పోయి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాను.

అప్పటి నుంచి టీవీలో కార్యక్రమాలు మొదలయ్యేలోపల మా ఆట అయిపోయేది. ఎడమ మీట ఎప్పుడూ అత్తది. బంతి తప్పితే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. "మళ్ళా నువ్వే గెలిస్తివి గదమ్మా!" అనేది. గెలిచిన ఊపులో నేను మా ఊరి కబుర్లన్నీ చెప్పేదాన్ని. ఆమె అడిగి మరీ చెప్పించుకునేది. ఈ ఆట మామకు తెలిస్తే పెట్టె మళ్ళీ కిందికి దిగదు, పెట్టెతోపాటే నవ్వే అత్త కూడా పోతుందని నాకు లోలోపల ఒకటే గుబులు.

ఆ రోజుల్లో ఆదోనిలో బొమ్మ సరిగా అందేది కాదు. ఎత్తయిన గొట్టం కట్టి, దాని మీద యాంటెన్నా పెట్టాలి. మాకూ పక్కింటివాళ్ళకూ కలిపి మా మిద్దె మీద ఒకే గొట్టం ఉండేది. అక్కడి నుంచి రెండిళ్ళకూ తీగ లాగారు. ఆట పెట్టె బిగించడానికి వచ్చిన మెకానిక్ దాని తీగనూ, యాంటెన్నా తీగనూ ఒకే స్క్రూల కింద చుట్టి పోయాడు. బొమ్మలు వచ్చే దారిన మన బొమ్మ బయటికీ పోగలదని మాలో ఎవరికి తెలుసు?

ఒక సాయంత్రం మామ తలుపు దబదబా కొట్టారు. తీశాను. టీవీలో బంతి ఇంకా ఎగురుతూనే ఉంది. ఆయన మమ్మల్ని తిట్టలేదు. అసలు మా వైపే చూడలేదు.

"పక్కింటి అవ్వను పలకరిద్దామని పోయినాను. వాళ్ళ టీవీలో ఇదే బంతి ఎగురతాంది" అన్నారు.

తుంటి విరిగి మంచం పట్టిన ఆ అవ్వ పొద్దుపోక, కార్యక్రమాలకు ముందే టీవీ పెట్టించుకుని ఖాళీ తెర మీద గరగరలాడే చుక్కలు చూస్తూ ఉండేది. ఆ చుక్కల్లోకి మా ఆట పోయింది.

మామ తీగను చూశారు, మిద్దె వైపు చూశారు. "బంతి గోడ దాటిందంటే మాట దాటదా? మొన్న తలుపులు మూసుకోని ఈడనే ధర మాట్లాడితిమే!" భుజం మీది తువ్వాలు తీసి టీవీ మీద కప్పేశారు. బొమ్మే పోతుంది, మాట పోదని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. "దాని కడుపులో ఏముందో నీకేం తెలుసురా?" అన్నారు. వార్తలప్పుడు తువ్వాలు ఎత్తడం, అవగానే కప్పడం. పెట్టె మళ్ళీ బీరువా ఎక్కింది. అత్త బియ్యానికీ పాలకూ తిరిగిపోయింది. నాకు ఏడుపొచ్చేది.

కొన్నాళ్ళకు మామ మళ్ళీ అవ్వను చూసి వచ్చారు. అత్త చేటలో బియ్యం ఏరుతూ ఉంది. నేను పక్కనే కూర్చున్నాను.

"ఆట ఏల నిలిపినారని అవ్వ అడగతాంది. ఆమెకు పొద్దు పోలేదంట" అని ఆగారు. "ఇంగోటి అడిగింది. ఎడమ పక్క ఆడేది ఎవురని."

"నేనే" అంది అత్త, తలెత్తకుండా.

"గెలిచే ముందర బంతిని కావాలనే ఇడిసిపెడతావంట. దినామూ చూస్తాండా అని సెప్పింది."

చేట ఆగింది. నేను అత్త వైపు చూశాను. గెలిచానని నేను వేసిన గంతులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ ఇంట్లో గుట్టు మనిషి మామ ఒక్కరే అనుకున్నాను. నాకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

మామ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. తర్వాత లోపలికి పోయి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. పెట్టె దించారు.

"ధరలు నేను అంగట్లోనే మాట్లాడుకుంటాను. మీరు ఆడుకోండి."

"తీగ వేరు చేయించమంటారా మామా?" అన్నాను.

"వద్దులేమ్మా. అవ్వను సూడనీ."

అత్త ఎడమ పక్కన కూర్చుంది. "ఈసారి ఇడిస్తే ఒప్పుకోను అత్తా" అన్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుంది. ఆ సాయంత్రం నన్ను చిత్తుచిత్తుగా ఓడించింది. గోడ అవతల అవ్వ చప్పట్లు కొడుతూ ఉంది.