టానీ పోర్టు నేర్చుకున్న నెల

మొన్న ఆదివారం మా పక్కింటి దంపతులు గోవా వెళ్లి వచ్చి, జీడిపప్పు పొట్లంతో పాటు ఒక సీసా కూడా నా చేతిలో పెట్టి, "అక్కా, పోర్టు వైనంట, మీరు హోటల్ల చేసిండ్రు గద, జర చూసి చెప్పుండ్రి మంచిదేనా" అని అడిగారు. మోకాళ్లు మొరాయించి ఉద్యోగం మానేసి రెండేళ్లు దాటినా, నా చేయి దానంతటదే లేచి సీసాను కిటికీ వెలుగుకు పట్టింది. చిక్కటి ఎరుపు, ఇంకా వయసు రాని ఎరుపు. తీయగా ఉంటుంది, భోజనమయ్యాక కొంచెం కొంచెంగా తాగండి అని చెప్పి పంపించాను గానీ, వాళ్లు వెళ్లిపోయాక గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మా బాపు గుర్తొచ్చాడు. వైను సీసా చూసి తండ్రిని తలచుకోవడమేమిటని మీరనుకోవచ్చు, అందులోనూ జన్మలో ఒక్క చుక్క ముట్టని తండ్రిని. ఆ సంగతి మా ఈడువాళ్లకు తప్ప అర్థం కాదేమో.

శంషాబాదులో విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులవి. అంతకు ముందు ఆ చుట్టుపక్కల జొన్నచేలు, ద్రాక్షతోటలు, మధ్యమధ్య ఏనుగులు పడుకున్నట్టు రాతిగుండ్లు ఎలా ఉండేవో మీలో కొందరైనా చూసే ఉంటారు. ఆ ద్రాక్షతోటల్లోనే మా బాపు పందిళ్లు వేస్తూ, తీగలు కత్తిరిస్తూ వయసంతా గడిపి, తోటలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాక మా ఊరి చర్చికి కాపలాదారుగా కుదిరాడు. గంట కొట్టడం, బెంచీలు తుడవడం, నెలకొకసారి ప్రభు బల్లకు, అంటే ఆరాధనలో రొట్టెతో పాటు అందరికీ గుటకెడు ఇవ్వడానికి, నల్లద్రాక్ష పిసికి, చక్కెర వేసి కాచి, తెల్లగుడ్డలో వడకట్టి రసం సిద్ధం చేయడం ఆయన పని. ఆ చివరి పని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నేను పెళ్లయ్యాక కాటేదాన్‌లో పిప్పరమెంట్లు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేశాను. పాకం మాడబోయే ముందు ఒక తీపి వాసన వస్తుంది చూడండి, అది అందరికంటే ముందు నాకే తెలిసేది. "అక్క ముక్కు చెప్పిందంటే పొయ్యి దించుడే" అనేవాళ్లు తోటి ఆడవాళ్లు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, విమానాశ్రయం దారిలో కొత్తగా లేచిన ఒక పెద్ద హోటల్లో, భోజనాల హాలులో వడ్డించే పని దొరికింది. ముందు ఆరు నెలలు చూస్తామని, పనితీరు నచ్చితే పర్మనెంటు చేస్తామని చెప్పారు. ఏం పని బిడ్డా అని బాపు అడిగితే, అన్నం వడ్డించే పని అన్నాను. అది నిజమే. అన్నంతో పాటు గ్లాసుల్లో వైను కూడా పోస్తానన్నది మాత్రం నోటికి రాలేదు.

ఎందుకు రాలేదంటే మా చిన్నబాపు వల్ల. బాపుకు ఒక్కడే తమ్ముడు. సారాకు బానిసై నలభై నిండకుండానే పోయాడు. చివరి రోజుల్లో ఆయన మా గడపలో కూలబడితే వచ్చే ఆ పుల్లటి వాసన, ఆయన్ను భుజాన వేసుకుని లోపలికి మోసుకెళ్లే మా బాపు మొహం, చిన్నప్పుడు చూసినవి నేను మరచిపోలేదు. సమాధి చేసిన రోజే బాపు, ఈ ఇంట్లో ఎవరూ ఆ చుక్క ముట్టగూడదని అందరి ముందు ప్రార్థన చేశాడు. మేమంతా ఆమేన్ అన్నాం.

హోటల్లో మా పెద్దసారు గుంటూరు వైపు మనిషి. ఎంత చిన్న పనివాళ్లనైనా మీరు అనే పిలిచేవారు. అయిదో నెలలో ఒకరోజు కొత్తవాళ్లం ఆరుగురినీ నిలబెట్టి, పోర్చుగల్ నుంచి ఒక పెద్దాయన వస్తున్నారని, పోర్టు వైనులో పండిపోయిన మనిషని, ఆయనకు మధ్యాహ్నం విందు ఇస్తున్నామని చెప్పారు. మాలో ఒక్కొక్కరూ ఒక్కో రకం పోర్టును ఎంచుకుని, నెలరోజులు దాన్నే నేర్చుకుని, ఆ రోజు ఆయన గ్లాసులో పోసి నాలుగు మాటలు చెప్పాలట. పర్మనెంటు సంగతి దాని తర్వాతే తేలుతుందన్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషు గట్టిగా చూస్తే యాభై ముక్కలు.

పెద్దసారు రకాలు వివరించారు. రూబీ అనేది చిన్న వయసుది, ఎర్రగా, తాజా పండ్ల రుచితో ఉంటుంది. తెల్లద్రాక్షతో చేసేది ఒకటి. మంచి పంట పండిన ఒకే ఏటి ద్రాక్షతో చేసి, సీసాలోనే ఏళ్లకేళ్లు నిద్రపుచ్చేది వింటేజి, అన్నిటికంటే ఖరీదైనది. చిన్న చిన్న కొయ్యపీపాల్లో ఏళ్ల తరబడి గాలి తగులుతూ, ఎరుపు వెలిసి ఇటుకరంగుకు, తర్వాత గోధుమరంగుకు తిరిగేది టానీ. చెప్పడం అయ్యీ కాకముందే ముగ్గురు వింటేజి కావాలని చేతులెత్తారు. నాకూ ఆ పేరే నాలుక చివర ఉంది, పెద్దదాన్ని ఎంచుకుంటే పెద్దగా కనబడతామన్న ఆశ ఉంటుంది కదా. ఆయన నా వైపు తిరిగి, "మీకు గొప్పగా అనిపించింది కాదమ్మా, మీరు నేర్చుకోగలిగింది తీసుకోండి" అన్నారు.

అప్పుడు ధైర్యం చేసి, రోజూ కొంచెం కొంచెం చూస్తూ నేర్చుకోవాలంటే ఏది వీలవుతుందని అడిగాను. వింటేజి సీసా మూత తీస్తే ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలట, అందుకని విందు రోజు దాకా తీయరు, అది తీసుకున్నవాళ్లు కాగితం మీద చదువుకోవలసిందే. టానీ మాత్రం పీపాలోనే గాలికి అలవాటు పడినది కనుక, తెరిచిన సీసా చల్లగా పెడితే నెలరోజులైనా పాడవదు. రోజుకు ఒక చెంచా. నాకు అదే కావాలన్నాను. రంగు వెలిసిపోయిన దాన్ని ఎంచుకుందని ఒకతను నవ్వాడు.

ఎంచుకోవడం సులువైంది గానీ అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మూడు రోజుల పాటు గ్లాసులో చెంచాడు పోసుకుని, వాసన చూసి, నోట్లో పెట్టుకోలేక సింకులో ఒంపేశాను. పెద్దసారు గమనించి, మింగనక్కర్లేదమ్మా, ఈ విద్య నేర్చుకునేవాళ్లు నోట్లో తిప్పి ఉమ్మేస్తారు అని చెప్పారు. నా బాధ మింగడం కాదని, ఉమ్మేసినా అది మా బాపుకు తెలియకుండా జరుగుతుందని ఆయనకెలా చెప్పను? ఇంటికొస్తే అన్నం సహించేది కాదు. మా ఆయన ట్రాలీ ఆటో నడిపేవాడు, ఆయనే ఒక పొద్దున, "గింత పరేషాన్ ఎందుకు? పోయి మామకు చెప్పరాదు" అన్నాడు. వారపు సెలవు రోజున షేరాటో ఎక్కి ఊరికి వెళ్లాను.

బాపు చర్చి వెనక రేకుల షెడ్డులో నల్లద్రాక్ష పిసుకుతున్నాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. పీటమీద తల వంచుకుని కూర్చున్నాను.

"ఏంది బిడ్డా, గిట్ల కూసున్నవ్?"

"బాపూ, నీకు ఒకటి దాసిన. నేను వడ్డించేది అన్నం ఒక్కటే కాదు. వైను గూడ పోస్త."

ఆయన చేతులు ఆగలేదు. "ఎప్పటి సంది?" అన్నాడు. చేరిన కాణ్నుంచే అన్నాను. ఇక అక్కడి నుంచి ఆగకుండా అంతా చెప్పేశాను, విందు సంగతి, పర్మనెంటు సంగతి, రోజూ చెంచాడు నోట్లో వేసుకోవలసి రావడం. తిట్టుంటే ఏడ్చి తేలికపడేదాన్ని. ఆయన తిట్టకుండా, గింజలు ఒక పక్కకు తోస్తూ, అది ఎట్ల చేస్తరని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను.

"మరి పులుస్తుంటె తీపంత పోతది గద? రెండు రోజులు ఆగితె మన రసం గూడ నురగొస్తది. గందుకే నేను పొయ్యి మీద వెడత."

"సగం పులిసినంక ద్రాక్షతోని కాసిన సారా పోస్తరు బాపూ. దాంతోని పులుసుడు ఆగిపోతది, తీపి నిలుస్తది."

సారా అన్న మాట నా నోట్లోంచి జారాక గానీ నాకు తెలియలేదు. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. మా ఇద్దరి మధ్యా చిన్నబాపు వచ్చి కూర్చున్నట్టే ఉంది.

"నోట్ల వోసుకొని ఉమ్మేస్తనంటివి?"

"ఉమ్మేస్త బాపూ."

"మీ చిన్నబాపు ఉమ్మెయ్యలే బిడ్డా," అన్నాడు. "వాడు నాకు ముందుగాల అబద్ధం చెప్పుడు నేర్సిండు. తాగుడు ఎనక నేర్సిండు. నువ్వు పని నేర్సుకో. నాకు మాత్రం దాయకు" అన్నాడు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఎడమ చేయి కడుక్కుని, తడిచేత్తోనే నా తల నిమిరి, వడకట్టిన రసం ఒక స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాడు. తిరుగు దారిలో షేరాటోలో అందరూ ఇరుక్కుని కూర్చుని విసుక్కుంటుంటే, నాకు మాత్రం నెలల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది. ఆ రాత్రి రెండుసార్లు మారడిగి అన్నం తిన్నాను.

మర్నాటి నుంచి నేర్చుకోవడం మొదలైంది. రోజూ పదకొండు గంటలకు, హాలు తెరవకముందు, ఒక చెంచా. కాగితం మీద అక్రోటు, అంజీరు అని ఏవేవో రాసి ఉన్నాయి. నా ముక్కుకు ముందుగా తగిలింది ఫ్యాక్టరీలో పాకం మాడబోయే ముందు వచ్చే ఆ వాసనే. దాని వెనక ఇంకేదో ఉంది, తెలిసినదే, పేరు దొరకడం లేదు. పది రోజులు వెతికాను. పదకొండో రోజున పక్కనుంచి వంటవాళ్లు మిఠాయిల గిన్నెలు తీసుకెళుతుంటే దొరికింది. ఖుబానీ కా మీఠా. మన పెళ్లి విందుల్లో ఎండు ఖుబానీలను చక్కెరతో ఉడికించి పెడతారే, అచ్చం అదే. పరుగెత్తుకెళ్లి పెద్దసారుకు చెబితే, ఆయన రెండూ ఒకదాని వెంట ఒకటి రుచి చూసి, "ఎవరికీ చెప్పకండి, ఆ రోజు దాకా" అన్నారు.

విందు రోజున ఆ పోర్చుగల్ పెద్దాయన పొట్టిగా, బట్టతలతో, మా ఊరి బడిపంతులులా ఉన్నాడు. వింటేజి తీసుకున్నవాళ్లు గడగడా అప్పజెప్పారు, ఆయన మర్యాదగా తల ఊపాడు. నా వంతు వచ్చింది. గ్లాసులో పోశాను. బట్టీపట్టిన ఇంగ్లీషు వాక్యాలు ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఏమైతే అదయిందని, వెనక్కి తిరిగి మిఠాయిల బల్ల దగ్గరికి నడిచి, చిన్న గిన్నెలో మలాయి లేకుండా ఖుబానీ వేసుకొచ్చి ఆయన ముందు పెట్టి, "సార్, ఫస్ట్ దిస్, దెన్ దిస్" అన్నాను.

ఆయన తిన్నాడు. తాగాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తిన్నాడు. గిన్నె ఖాళీ చేసి పెద్దసారుతో ఏదో అంటే, ఆయన నవ్వు ఆపుకుంటూ నాకు తెలుగులో చెప్పారు, "ఇన్నేళ్లూ దీన్ని చీజుతో తిని పొరపాటు చేశానంటున్నారమ్మా." మరో గిన్నె తెమ్మన్నాడని కూడా చెప్పారు. తర్వాతి వారం పర్మనెంటు కాగితం ఇచ్చారు. అది పట్టుకుని ఊరికి వెళితే బాపు చదవకుండానే, "ఉమ్మేసినవా?" అని అడిగాడు. ఉమ్మేసిన బాపూ అన్నాను. అయితే మంచిదే అని, కాగితం కళ్లకద్దుకుని, చర్చిలోకి తీసుకెళ్లి బల్లమీద పెట్టి ప్రార్థన చేశాడు. వైను పోసే ఉద్యోగానికి బల్ల దగ్గర దీవెన దొరికింది ఆ హోటల్లో నాకొక్కదానికేనేమో.

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా ఊరి చర్చికి పాలరాయి పరిచారు, ద్రాక్షరసం అంగడి నుంచి సీసాల్లో వస్తుంది, కాచేవాళ్లు లేరు. తోటలున్న చోట ప్లాట్ల రాళ్లు పాతారు. మా చెల్లెలి కూతురు నగరంలో ఒక పెద్ద బారులో మేనేజరు. చేరిన రోజే తండ్రికి ఫోనులో ఒక ముక్క రాసి పంపితే, ఆయన తిరిగి ఒక బొటనవేలు బొమ్మ పంపాడట. సంగతి అంతటితో ముగిసింది. మంచిదే, నిజంగా మంచిదే. నేను పడ్డ ఆ బాధ పిల్లలెవరూ పడనక్కర్లేదు. కానీ భయం పోవడంతో పాటు, ఆ భయాన్ని మోసుకుంటూ వెళ్లి ఒక మనిషి ఎదుట దించే అవసరం కూడా పోయింది. ఒకరి ముందు నిజం చెప్పి, ఆయన ఏమంటాడోనని గుండె చిక్కబట్టుకుని కూర్చుని, చివరికి ఆ తడిచేయి తలమీద పడ్డాక కలిగే నిమ్మళం ఎలా ఉంటుందో వాళ్లకు నేను చెప్పలేను. ఇప్పుడు నేను ఎవరికీ ఏదీ దాచడం లేదు. దాస్తే బాధపడేవాళ్లూ లేరు.