తొమ్మిది పాయింట్ ఎనిమిది

"...కీబోర్డు లేని పలక మీద మీ నాన్న రిపోర్టు ఏం రాస్తారే, అద్దం తుడుచుకోవడం తప్ప?"

"కీబోర్డు తెర మీదే వస్తుందమ్మా. కాదంటే కవరుతో వచ్చింది తగిలించుకోవచ్చు."

"తగిలిస్తే బరువెంతో చూశావా మరి?"

తల్లి అప్పటికే వంటింటి తూకం తెచ్చి బల్ల మీద పెట్టేసింది. ముందు ట్యాబ్లెట్ ఒక్కదాన్నే పెట్టింది. తర్వాత దానికి కవరూ కీబోర్డూ పెన్నూ కలిపింది. అవన్నీ తీసి పాత ల్యాప్‌టాప్ పెట్టింది. రెండింటికీ తేడా రెండు బంగాళాదుంపలంత. ఈ మాత్రానికా ఇంత హడావుడి అంది. కూతురు ఊరుకోలేదు. ల్యాప్‌టాప్ చార్జరు ఇటుకంత ఉంటుందని, అది లేకపోతే ఆ ముసలిది అరగంట కూడా బతకదని, దాన్నీ తూకంలో వేయమని అంది. నాన్నకు కుడి భుజం ఎందుకు లాగుతోందో తెలియాలంటే ఆ బ్యాగు ఒక్కరోజు నువ్వు మొయ్యి అని కూడా అంది.

ఈ తగువంతా ఎవరి గురించో ఆయన గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. లేసులు కట్టుకోవడానికి కూడా ఆయనకు నలుగురికన్నా ఎక్కువసేపు పడుతుంది.

"ఆయన్ని అడిగి లాభం లేదులే. నన్ను చూసి వెళ్ళి సరే అనడానికే పదకొండు రోజులు తీసుకున్న మనిషి," అంది భార్య.

"పన్నెండు," అన్నాడాయన, తలెత్తకుండా.

ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. తన వాటాకు వచ్చిన ప్రతి లిఫ్టునూ ఆరు నెలలకోసారి, పై అంతస్తు మీదున్న మెషిన్ గది నుంచి అడుగున గొయ్యి దాకా చూసి, నడపవచ్చో ఆపాలో రాసివ్వడం పని. అంతకుముందు పధ్నాలుగేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేశాడు. ముప్పై ఎనిమిదో ఏట పరీక్ష రాసి ఇన్‌స్పెక్టరయ్యాడు. ఆఫీసువాళ్ళు చేతిలో ల్యాప్‌టాప్ పెట్టిన రోజు దాన్ని ఏ వైపు నుంచి తెరవాలో కూడా తెలియలేదు. రెండు వేళ్ళతో టైపు చేయడం నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ అవే రెండు వేళ్ళు.

ఆఫీసులో ఆయన్ని రేపటి సారు అంటారు. ఎవరెంత తొందరపెట్టినా "రిపోర్టు రేపొస్తుంది" అనేదే ఆయన జవాబు. చూసిందంతా చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాడు. సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, పాత రిపోర్టు ఎడమవైపు, కొత్తది కుడివైపు పెట్టుకుని రాస్తాడు. చూసేచోట రిపోర్టు రాయకూడదు, అక్కడ పక్కన మనుషులుంటారు అని కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంటాడు. పదహారేళ్ళలో ఆయన తొందరపడి ఆపిన లిఫ్టు లేదు. ఆయన నడపవచ్చన్న లిఫ్టుకు ప్రమాదం జరిగిందీ లేదు.

పదిహేను రోజుల కిందట ఆఫీసు ఇద్దరికి పెద్ద ట్యాబ్లెట్లు ఇచ్చింది. ఒకటి ఆయనకి, ఇంకొకటి తోటి ఇన్‌స్పెక్టరుకి. పదిహేను రోజులు వాడి చూసి ఏదో ఒకటి తిరిగి ఇచ్చేయాలి, రెండూ ఉంచుకోవడం కుదరదు. రెండోవాడు మూడోరోజే ల్యాప్‌టాప్ ఇచ్చేసి చేతులు దులుపుకున్నాడు. మీరు సరేనంటే ఇంక కాదనేవాడు ఉండడని పై అధికారి ఈయనతో నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు ఈయనకు నచ్చలేదు.

ట్యాబ్లెట్‌ను ఆయన ఊరికే తిట్టలేదు. తీసిన ఫొటో తిన్నగా ఫారంలోకి వెళ్తుంది. సర్క్యూటు బొమ్మను రెండు వేళ్ళతో సాగదీస్తే కళ్ళద్దాలు లేకుండా కనబడుతుంది. ఇంట్లో ఉత్తరాలు చూసుకోవడానికీ, బిల్లులు కట్టడానికీ, మంచం మీద వార్తలు చదవడానికీ ల్యాప్‌టాప్ జోలికే పోలేదు. కాని నాలుగు వాక్యాలు రాయాలంటే తెర మీది కీబోర్డు సగం ఫారాన్ని మింగేస్తుంది. రెండు రిపోర్టులు పక్కపక్కన పెడదామంటే ఆ ఫారం ఒప్పుకోదు. కీబోర్డు తగిలించి ఒళ్ళో పెట్టుకుంటే వెనక్కి వాలిపోతుంది. అన్నిటికన్నా చివరి పేజీ ఆయనకు మింగుడు పడలేదు. అక్కడ ఉన్నవి రెండే బొత్తాలు: నడపవచ్చు, ఆపాలి. ఒకటి నొక్కగానే రిపోర్టు వెళ్ళిపోతుంది, తాళం పడుతుంది.

పధ్నాలుగు రోజులు ఆ బొత్తాల్ని ఆయన ఇంటికి తెచ్చుకుని, ల్యాప్‌టాప్‌లో పాతవి చూసుకున్నాకే నొక్కాడు. అధికారి అది కనిపెట్టాడు. ఇది ట్యాబ్లెట్‌ను పరీక్షించడం కాదు, ల్యాప్‌టాప్‌కు ముసుగేయడం అన్నాడు. ఆఖరిరోజున ఒక్క లిఫ్టయినా అక్కడికక్కడే ముగించి, ఐదింటిలోగా వచ్చి ఏది ఇచ్చేస్తారో చెప్పమన్నాడు.

అందుకే ఆ మధ్యాహ్నం ఏడంతస్తుల భవనం మెట్లెక్కుతున్న ఆయన భుజానికి రెండూ ఉన్నాయి. వెనకాల ఆ భవనం సెక్రటరీ ఎక్కుతున్నాడు. లిఫ్టు రెండు గంటల నుంచి తనిఖీ కోసం ఆపి ఉంది. ఆరో అంతస్తులోకి ఎవరో కొత్తగా దిగుతున్నారు. కింద కాలిబాట మీద బీరువా, ఫ్రిజ్, కట్టలు కట్టిన పరుపులు దించి ఉన్నాయి. ఎంతసేపట్లో అవుతుందని సెక్రటరీ మూడో అంతస్తులో ఒకసారి, ఐదో అంతస్తులో ఒకసారి అడిగాడు.

మెషిన్ గదిలో వేడిగా ఉంది. ఫోన్ సిగ్నల్ లేదు. మోటారు, దాని పక్కన పెద్ద కప్పీ, కప్పీ మీదుగా నాలుగు ఉక్కు తాళ్ళు కిందికి దిగుతున్నాయి. ఎప్పటిలా ఆయన అరచేత్తో తాళ్ళను తడిమాడు. తెగిన తీగలేమీ గుచ్చుకోలేదు. మామూలుగా అయితే నోటుపుస్తకంలో 'తాళ్ళు బాగున్నాయి' అని రాసుకుని బ్రేకు దగ్గరికి వెళ్ళేవాడు. కాని ట్యాబ్లెట్ 'బాగున్నాయి' తీసుకోదు. నాలుగు గడులు చూపించి అంకెలడిగింది. బ్యాగు అడుగు నుంచి వెర్నియర్ తీసి తాళ్ళ మందం కొలిచాడు.

మొదటి తాడు తొమ్మిది పాయింట్ మూడు మిల్లీమీటర్లు.

గ్రీజు వేలితో నొక్కితే తెర పలకలేదు. మళ్ళీ నొక్కాడు. అంకె పడకుండానే ఫారం ముందుకు జరిగి, గడిలో తొమ్మిది పాయింట్ ఎనిమిది అని పచ్చ టిక్కు పెట్టేసుకుంది. వేలు చొక్కాకు తుడుచుకుని వెనక్కి వెళ్ళి చూశాడు. గడిలో బూడిదరంగులో కిందటిసారి అంకె ముందే ఉంది. ఏమీ టైపు చేయకుండా ముందుకు జరిగితే అదే కొత్త అంకె అయిపోతుంది. దాన్ని చెరిపి తొమ్మిది పాయింట్ మూడు కొట్టాడు. దానికీ పచ్చ టిక్కే వచ్చింది. హద్దు తొమ్మిది, అంతకు తగ్గితేనే ఎర్రబడుతుంది.

రెండో తాడు, మూడో తాడు, నాలుగో తాడు కొలిచాడు. తొమ్మిది పాయింట్ మూడు, నాలుగు, రెండు. అన్నిటికీ పచ్చ టిక్కులే.

"అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా సార్," అన్నాడు సెక్రటరీ భుజం మీదుగా చూసి.

ఆయన మనసులో కిందటిసారి అంకెల్లోంచి వీటిని తీసేసి చూసుకున్నాడు. ఆరు నెలల్లో అర మిల్లీమీటరు పోయింది. తాడు పైతీగలు అరిగితే చేతికి తెలుస్తుంది. చేతికి తెలియకుండా సన్నబడిందంటే ఉక్కు తీగల నడుమ ఉండే నార చివికిపోతోందన్నమాట. అది మొదలైతే ఎంత తొందరగా పోతుందో మెకానిక్కుగా ఉన్నప్పుడు చూశాడు. టార్చి వేసి కప్పీ గాడిలోకి వంగాడు. అడుగున ఇటుకరంగు పొడి సన్నగా పేరుకుని ఉంది. వేలికి అంటుకుంది. తాడు లోపలి తుప్పు కావచ్చు, దుమ్మూ కావచ్చు.

సెక్రటరీ ఫోనుకు సిగ్నల్ కావాలని గుమ్మం బయటికి వెళ్ళి, పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అని ఎవరికో చెప్పి లోపలికొచ్చాడు.

"ఒక్క నిమిషం," అని ఆయన బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి కంట్రోలు పెట్టె మీద తెరిచాడు. బ్యాటరీ పదకొండు శాతం. గదిలో ఉన్న ఒక్క ప్లగ్గూ కాలిపోయి ఉంది. ఈ భవనం పాత రిపోర్టులు వెతికి, కిందటిది ఎడమవైపు, అంతకుముందుది కుడివైపు పెట్టాడు.

కిందటిసారి: 9.8, 9.8, 9.7, 9.8. అంతకుముందు: 9.8, 9.8, 9.7, 9.8.

ఏడాదిన్నర కిందటిది తెరిచాడు. అవే నాలుగు. ఏడాదిన్నర కిందటిది తెరిచాడు. అవే. చేతులు ఆగాయి. బ్యాటరీ ఏడు శాతం. మూడేళ్ళ కిందటి మొదటి రిపోర్టు తెరిచాడు, కొత్త తాళ్ళు వేసిన నెలలో కొలిచి రాసింది. అవే నాలుగు అంకెలు, అదే వరుసలో.

ఎలా జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్త రిపోర్టును ఆయన ఖాళీ కాగితం మీద ఎప్పుడూ మొదలుపెట్టలేదు. పాతది తెరిచి, కొత్త తేదీతో దాచుకుని, మారినవి మార్చేవాడు. ఆఫీసులో అందరూ చేసే పనే. నోటుపుస్తకంలో 'తాళ్ళు బాగున్నాయి' అని ఉంటే ఆ వరుసను ముట్టుకునేవాడు కాదు. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసేవాడు. రెండూ ఒక్కలాగే ఉండేవి. ఒక్కలాగే ఉన్నాయంటే లిఫ్టు బాగున్నట్టే అనుకుని నిశ్చింతగా భోజనానికి లేచేవాడు.

తెర నల్లబడింది. ల్యాప్‌టాప్ మూసేశాడు. అర మిల్లీమీటరు ఆరు నెలల్లో పోయిందో మూడేళ్ళలో పోయిందో చెప్పే కాగితం ఎక్కడా లేదు. మూడేళ్ళలో అయితే నడపవచ్చు. ఆరు నెలల్లో అయితే ఆ బీరువా ఎక్కకూడదు. పచ్చ టిక్కులు నాలుగూ ట్యాబ్లెట్‌లో వెలుగుతున్నాయి. నడపవచ్చు నొక్కితే ఎవరూ ఒక్క మాట అనరు. ఆపాలి నొక్కితే కారణం రాయాలి. కారణం రాస్తే పాత అంకెలు ఎవరివి అని అడుగుతారు.

"ఏమైనా తేడా ఉందా సార్?" సెక్రటరీ గొంతు తగ్గింది.

తాళ్ళు సన్నబడ్డాయని, ఎప్పటి నుంచో తెలియడం లేదని చెప్పాడాయన.

"అయితే ఎప్పటిలాగే రేపు పంపండి సార్. ఇంటికెళ్ళి నిదానంగా చూసుకోండి, మేమేమన్నా తొందరపెట్టామా? ఈ పూటకి సామాను ఎక్కించేసుకుంటాం. ఇన్నేళ్ళుగా మీరు రేపంటే మేమెప్పుడైనా కాదన్నామా?"

నిజమే, ఎప్పుడూ కాదనలేదు. ఆ రేపు వచ్చేదాకా లిఫ్టు తిరుగుతూనే ఉండేది. సెక్రటరీ నిన్న మొన్నటి మనిషి కాదు, మర్యాదస్తుడు. చెప్పిన మాటలో మోసం కూడా ఏమీ లేదు. ఆయన టార్చి ఆర్పి, మళ్ళీ వేసి, వేలికంటిన పొడిని చూశాడు. కింద కాలిబాట మీద ఎవరో ఫ్రిజ్‌ను జరుపుతున్న చప్పుడు కిటికీలోంచి వచ్చింది.

"లిఫ్టులో ఇప్పుడేమైనా ఎక్కించారా?" అని అడిగాడు.

"బీరువా లోపల పెట్టే ఉంచారు. మీరు ఊ అనగానే మీట నొక్కడమే."

"దింపించండి."

సెక్రటరీ గుమ్మం బయటికి వెళ్ళి ఫోన్లో ఆ మాట చెప్పి వచ్చాడు. తర్వాత ఆరంతస్తులు ఆ బీరువా ఎవరు మోస్తారు, వాళ్ళకు నేనేం చెప్పాలి, పచ్చగా కనబడుతుంటే ఎర్రదని ఎలా చెప్పాలి అని ఒకదాని వెనక ఒకటి అడిగాడు.  ఆయన నేల మీద కూర్చుని, ట్యాబ్లెట్‌ను మోకాలికి ఆనించి, సగం ఫారం మింగేసిన కీబోర్డు మీద రెండు వేళ్ళతో కారణం రాయడం మొదలుపెట్టాడు. మూడు వాక్యాలు. రెండో వాక్యంలో మొదటిది తప్ప పాత రిపోర్టుల తేదీలు ఐదూ వేసి, ఆ అంకెలు కొలిచినవి కావు, ముందటి రిపోర్టు నుంచి మార్చకుండా వదిలేసినవి, రాసింది నేనే అని రాశాడు. చెరిపి మళ్ళీ అదే రాశాడు. ఆపాలి నొక్కాడు. సిగ్నల్ లేక అది తిరుగుతూ ఉండిపోయింది. గుమ్మం బయటికి నడిచి, ట్యాబ్లెట్‌ను చేతుల మీద పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళింది. మెయిన్ స్విచ్చు దించి తాళం వేసి, సీలు వేశాడు.

మెట్లు దిగుతుంటే నాలుగో అంతస్తులో పరుపులు మోసుకొస్తున్న ఇద్దరు ఎదురయ్యారు. గోడకు ఆనుకుని దారిచ్చాడు. వాళ్ళలో ఒకడు ఏదో గొణిగాడు. వినబడింది కాని ఆగలేదు.

ఆఫీసుకు చేరేసరికి ఐదుకు పది నిమిషాలుంది. రిపోర్టు ఆయనకన్నా ముందే చేరింది. అధికారి దాన్ని తెర మీద పెట్టుకుని కూర్చున్నాడు. నవ్వడం లేదు. కూర్చోమన్నాడు. ఈ రెండో వాక్యం అవసరమా అని అడిగాడు. తాళ్ళు సన్నబడ్డాయి అంటే చాలదా అన్నాడు. తాళం పడింది కాబట్టి తీయడం కష్టమే అనుకోండి, పైవాళ్ళతో మాట్లాడి తీయించవచ్చు, పదహారేళ్ళ పేరు ఒక వాక్యంతో ఎందుకు పోగొట్టుకోవడం అన్నాడు. దయగానే అన్నాడు.

ఆయన బ్యాగు విప్పి ల్యాప్‌టాప్‌నూ, దాని చార్జరునూ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది జమ చేసుకోండి," అన్నాడు. "ట్యాబ్లెట్ ఫారంలో పాత అంకెలు ముందే రాకుండా తీయించండి, గడి ఖాళీగా ఉండాలి. నా వాటా లిఫ్టులు నూట నలభై. అన్నిటి తాళ్ళూ మళ్ళీ కొలుస్తాను."