ఏప్రిల్‌లో తవ్విన డేలియా

మా పక్కింటి లవ్‌డేకి కాలు ఒకచోట నిలవదు. దక్షిణాన చలి తక్కువైన కార్న్‌వాల్ సముద్రపొడ్డున పుట్టి పెరిగి, యాభై దాటాక ఉత్తరాన మా వేర్ నది లోయ మనిషిని పెళ్లాడి ఇక్కడికొచ్చింది. వస్తూ వాళ్లమ్మ పెంచిన ఎర్ర డేలియా పూల దుంప ఒకటి తెచ్చుకుంది. అమ్మ పోయింది. ఆ ఇల్లు కొన్నవాళ్లు కారు పెట్టుకోవడానికి పెరడంతా రాళ్లు పరిచేశారు. ఇక మిగిలింది ఈ దుంపే.

మా దగ్గర తొలి మంచుకు ఆకులు నల్లబడగానే దుంపలు తవ్వి, తలకిందులుగా ఆరబెట్టి, ఇసుక పెట్టెల్లో దాచేస్తాం. ఆ మాట చెబితే లవ్‌డే నవ్వింది.

"మా ఊళ్లో చలికాలమంతా నేలలోనే ఉంటాయి, ఐవీ. ఎవరూ తవ్వరు."

"మీ ఊరి చలికి పళ్లు లేవమ్మా. ఇక్కడిది కొరుకుతుంది."

వింటేగా! వంటింటి వెచ్చటి గోడ వారనే నాటాను కదా అని ఇంత ఎండుగడ్డి కప్పి ఊరుకుంది. నాకు ఒళ్లు మండింది.

జనవరిలో నేల బిగుసుకుపోయాక ఆమెకు భయం పట్టుకుంది. టీ కప్పుతో బయటికి రావడం, గడ్డి ఎత్తి చూడడం, మళ్లీ కప్పడం.

"అలా దుప్పటి లాగుతుంటే దానికి నిద్రెలా పడుతుంది?" అని కంచె మీంచి కసిరేదాన్ని. లోపలికి వెళ్లేది, మళ్లీ వచ్చేది.

ఏప్రిల్ వచ్చింది. వాళ్ల ఊళ్లో అప్పటికే మొలకలు కనిపిస్తాయట. ఇక్కడ జూన్ దాకా ఆగాలని చెబుతూనే ఉన్నాను.

"చచ్చిపోయింది, ఐవీ. ఇంక నావల్ల కాదు," అంటూ పార దింపేసింది.

మరుక్షణమే కేక పెట్టింది. పరుగెత్తాను. దుంపంతా కుళ్లిపోయింది. కాడ మొదలయ్యే మెడ దగ్గర మాత్రం చిన్న ముక్క గట్టిగా ఉండి, తెల్లటి మొలక వేసింది. ఆ మొలకను పార తెంపేసింది. లవ్‌డే బురదలోనే కూలబడి ఏడ్చింది. తిడదామని వచ్చిన నేను తెగిన మొలకను చేతిలోకి తీసుకున్నాను.

"మొలక అడుగున కాస్త దుంప అంటుకునే ఉంది చూడు. కుండీలో గుచ్చితే వేరు పట్టొచ్చు. కానీ కదిలించకూడదు," అన్నాను.

సాయంత్రం ఆ మొలక నాటిన కుండీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ కిటికీలో ఉంచండి. నా దగ్గరుంటే తవ్వేస్తాను. నేనడిగినా చూపించొద్దు."

రోజూ పొద్దున్నే కంచె దగ్గర నిలబడుతుంది.

"ఏమైనా..."

"నాకేం తెలుసు? నేను చూడలేదు," అంటాను.

అబద్ధం. నిన్న ఉండబట్టలేక మట్టిలో వేలు పెట్టాను. వెంట్రుకంత వేరు తగిలింది. చెబితే వచ్చి పీకి చూస్తుంది. చెప్పకుండా నేనుండలేకపోతున్నాను.