యాదగిరన్న రాసిచ్చిన వాంగ్మూలం

మొన్న మంగళవారం ఉదయం షాద్‌నగర్ బస్టాండులో యాదగిరన్న కుప్పకూలారనీ, దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయిందనీ ఫోన్ వచ్చింది. శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో దశాబ్దాల పాటు ప్రభుత్వ బీమా సంస్థ ఏజెంటుగా తిరిగిన ఆయనే నాకీ వృత్తి నేర్పిన గురువు.

"ఎన్కట ప్రైవేటు బీమా కంపెనీలు బోర్డు తిప్పేస్తే జనం ఆగమైన్రు. గందుకే సర్కారు అన్నిట్ని తన చేతిలకు తీస్కుంది. మనం జెప్పేది సర్కారు మాట, చెల్లె" అనేవారు. విమానాశ్రయానికి భూములిచ్చిన రైతులెందరో ఆ విశ్వాసంతోనే బీమా దరఖాస్తులపై సంతకాలు చేశారు.

వారిలో మామిడిపల్లి మల్లయ్య ఒకడు. గుండెజబ్బు ఉందని దాచకుండా చెప్పాడు. మార్చి నెలాఖరులోగా ఇన్ని పాలసీలు చేయించాలన్న లక్ష్యం తరుముతుండగా, యాదగిరన్న దరఖాస్తులో 'లేదు' అని రాశారు. ఏడాది తిరగకుండానే మల్లయ్య మరణించాడు. మృతుడు వ్యాధిని దాచాడంటూ బీమా కార్యాలయం క్లెయిమును తిరస్కరించింది.

ఆ ఉత్తరం పట్టుకుని మల్లయ్య భార్య బాలమణి వచ్చింది. "నా పెనిమిటి అబద్ధాలకోరా సారూ? నీ ముంగటనే జెప్పిండు గదా!"

ఆమె వెళ్లాక, పక్కనే ఉన్న నేను యాదగిరన్నతో అన్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను: "ఊకో అన్నా. రుజువేముంది? నీ ఏజెన్సీ వోతది."

"రుజువు నేనే గదా చెల్లె" అన్నారు.

మర్నాడే జరిగింది జరిగినట్టు వాంగ్మూలం రాసిచ్చారు. ఏజెన్సీ రద్దయింది. ఆమెకు న్యాయమూ దక్కలేదు. సంతకం మల్లయ్యదే కదా అన్నారు పైవాళ్లు. బాలమణి విమానాశ్రయంలో ఊడ్చే పనికి చేరింది. ఆమె అర్జీలతో ఏళ్ల తరబడి తిరిగిన యాదగిరన్న, ఆ ఇంట ఒక్కనాడూ గుక్కెడు నీళ్లు ముట్టలేదు.

ఆపై తన వరండాలో కూర్చుని ఊరివాళ్ల బీమా కాగితాలు ఉచితంగా నింపేవారు. "ఉన్నది ఉన్నట్టు జెప్పు. ఈసారి ఉన్నది ఉన్నట్టే రాస్త" అనేవారు. కన్నుమూసిన నాడూ సంచిలో మరొక వితంతువు కాగితాలే ఉన్నాయి.

అంత్యక్రియలకు బాలమణి పని బట్టలతోనే వచ్చింది. "గీయన మీద కోపం ఇంకా వోలేదు. అయినా వచ్చిన. నా పెనిమిటి అబద్ధమాడలేదని కాగితం మీద రాసింది గీయనొక్కడే" అంది.

ఆయనను దోషరహితుడని కీర్తిస్తే ఆయన ఆత్మే ఒప్పుకోదు. తన తప్పిదానికి తానే సాక్షిగా నిలిచిన ఆ ధర్మమూర్తికి అశ్రునయనాలతో శిరసు వంచుతున్నాను. అటువంటి వాంగ్మూలం రాయగల చెయ్యి మా వృత్తిలో మరొకటి నాకు కనిపించడం లేదు. నా చెయ్యి కూడా అటువంటిది కాదు.