సైదులన్న బండిలో వేడిగాలి

పొద్దున నా షెడ్డుకు ఒక లారీ వచ్చింది. డ్రైవరు ఏసీ వేసి, పొయ్యి ముందు కూర్చున్నట్టుంది చూడమన్నాడు. క్యాబిన్‌లోకి ఎక్కి, గాలి వచ్చే చోట ముఖం పెట్టాను. కాలిన దుమ్ము వాసన, దాని వెనకే ఇంజన్ వేడి. కొత్తగూడెంలో బండ్ల ఏసీలు బాగుచేయడమే నా బతుకుతెరువు. అయినా ఆ వాసనకు మాత్రం అలవాటు పడలేకపోయాను. సైదులన్న పోయిన రోజు మా బండిలో వీచింది ఆ గాలే.

సైదులన్నది తిరుమలాయపాలెం దగ్గర ఒక పల్లె. బొగ్గు లారీలు నడుపుతూ జూలూరుపాడులో స్థిరపడ్డాడు. నా చేతికి స్టీరింగు ఇచ్చింది ఆయనే. అప్పటికే నాకు పెళ్లయి ఒక పాప కూడా ఉంది. పత్తి చేను ముంచితే, వేరే పని చేతగాక ఆయన పక్కన చేరాను. ఆయన తిట్టేవాడు కాదు, వెక్కిరించేవాడు. ఆ ఎండాకాలం రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే నేను దారిలో ప్రతి ఊళ్లో బిందె అడిగి పోస్తూ వచ్చాను, పెద్ద పనిమంతుడిలాగా. ఆయన చూసి చూసి బండి పక్కకు ఆపి, నన్ను బండి కిందికి దూరి చూడమన్నాడు. "పోసుడు ఎవ్వడైన పోస్తడు తమ్మీ. ఎటు పోతున్నదో చూసినోడే డ్రైవరు" అన్నాడు. చిల్లి కుండకు నీళ్లు మోశానని నెల రోజులు చాయ్ హోటళ్లలో చెప్పి నవ్వించాడు. అప్పుడు ఒళ్లు మండింది. ఇవాళ నేను తినే అన్నం ఆ మాట పెట్టిందే.

మరుసటి ఏడు ఆయనకు వడదెబ్బ తగిలింది. బతికి బయటపడ్డాడు కానీ, ఇంకోసారి తగిలితే చెప్పలేమని డాక్టరు తేల్చేశాడు. మా దగ్గర ఎండాకాలం లారీ అంటే చక్రాల మీద కొలిమి. బండి మానితే ఇల్లు గడవదు, ఎక్కితే ప్రాణం నిలవదు. అందుకే ఏసీ క్యాబిన్ ఉన్న పాత లారీ ఒకటి వెతికి కొన్నాడు. దాన్ని చూసి తోటి డ్రైవర్లు పెళ్లికొడుకు వచ్చిండని ఆటపట్టించేవారు. ఆయనకు మాత్రం అది షోకు కాదు, మందు.

ఆ మందు కొన్నాళ్లకే పనిచేయడం మానేసింది. గాలి జోరుగా వచ్చేది, చల్లదనం ఉండేది కాదు. చూసిన మెకానిక్కులందరూ ఒకే పాట పాడారు: గ్యాస్ తగ్గింది, నింపాలి. నింపించాం. రెండు రోజులు మెరుగనిపించేది, మళ్లీ మామూలే. వేడికీ చలికీ మార్చే మీట సగం దాకే తిరిగేది. పాత బండి కదా, అరిగిపోయి ఉంటుందిలే అనుకున్నాం. అంతలో బీడీలు చుట్టే తునికాకు సీజను వచ్చి పడింది. వాన పడకముందే అడవి పల్లెల నుంచి ఆకు మూటలు గోదాముకు చేరాలి. బండికి విశ్రాంతి లేదు.

ఒక మధ్యాహ్నం ఆయనకు విసుగు పుట్టింది. ఇంజన్ నడుస్తుండగానే బండి ఆపి, ఏసీ పైపుల్లో లావుపాటి దాన్ని పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. చల్లగా ఉంది, పైన నీటి బొట్లు కూడా పట్టాయి. తను క్యాబిన్‌లో గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసి, నెమ్మదిగా కిందికి దిగాడు.

"చల్లదనం పుడుతనే ఉన్నది తమ్మీ. మన దాక వస్తలేదు, గంతే. ఇన్నొద్దులు గ్యాస్ పోసుకుంట కూసున్నం. డాష్‌బోర్డు ఇప్పాలె."

రోగం దొరికినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది. ఇప్పుడే విప్పిద్దామని నేను అన్నాను. విప్పితే బండి రెండు రోజులు షెడ్డులోనే ఉంటుంది, ఒప్పుకున్న లోడు ఒకటే మిగిలింది, దించి విప్పుదామన్నాడు.

పర్ణశాల దాటి లోపలి పల్లెలో మూటలెత్తుకుని తిరిగి వస్తున్నాం. నేనే నడుపుతున్నాను. ఆయన తలకు తడి తువ్వాల చుట్టుకుని పక్కన కూర్చున్నాడు. వేడిగాలి భరించలేక ఏసీ ఆపేశాం. కిటికీలోంచి వచ్చేది అంతకన్నా వేడి. "రేపు డాష్‌బోర్డు మాత్రం మర్వకు" అన్నాడు. కాసేపటికి పొంతన లేని మాటలు మొదలయ్యాయి. ఒంటి మీద చెయ్యి వేస్తే చెమట లేదు, నిప్పులా కాలుతోంది. ఉన్న నీళ్లన్నీ మీద గుమ్మరించి భద్రాచలం దవాఖానాకు తోలాను. పొద్దు గూకకముందే పోయాడు.

పెద్దకర్మ అయ్యాక ఆ డాష్‌బోర్డు నేనే విప్పాను, ఆయన ఇంటి ముందే. లోపల ఒక పల్చటి రేకు తలుపు ఉంటుంది. ఇంజన్ వేడిని చల్లగాలిలో కలవకుండా ఆపేది అదే. అది సగంలో ఆగిపోయి ఉంది. ఇరుసు సందులో గులాబీ రంగు బియ్యపు గింజలు, వాటి మధ్య గట్టిగా ఇరుక్కుని చిన్న ముత్యం. భద్రాద్రి రాములవారి కల్యాణ తలంబ్రాలు. బండి కొన్న కొత్తలో మా భద్రమ్మ వదిన, సైదులన్న భార్య, ఎండలో వరుసలో నిలబడి తెచ్చి, పెనిమిటి చల్లగా ఉండాలని మొక్కుకుంటూ ముందు అద్దం కింద దోసిళ్లతో పోసింది. మా దగ్గర బండి ఉన్న ప్రతి ఇల్లాలూ చేసే పనే. అద్దం కింద గాలి రంధ్రాలు ఉంటాయని ఎవరికి తోస్తుంది?

ముత్యం తీసి ఏసీ వేశాను. చల్లటి గాలి ముఖాన కొట్టింది. ఏడుపు ఆగలేదు. వదిన బయటికి వచ్చి, ఆ గాలికి చెయ్యి పెట్టి, ఏం చెడిందని అడిగింది. ముత్యాన్ని పిడికిట్లో బిగించి, గ్యాస్ అయిపోయిందని చెప్పాను.

ఆ తర్వాతే నేను ఈ పని నేర్చుకున్నాను. ఏ బండి వచ్చినా గ్యాస్ డబ్బా ముట్టుకోకముందు పైపు పట్టి చూస్తాను. రోగం ఏదో యజమానికి దాచకుండా చెబుతాను. వదిన ఒక్కదానికే చెప్పలేదు, చెప్పను కూడా. ఏటా శ్రీరామనవమి వెళ్లగానే ఆమె తలంబ్రాలు కొంగున ముడేసుకుని నా షెడ్డుకు వస్తుంది. మనిషి సగమైపోయింది. ఈ ఏడూ వచ్చి, నేను విప్పుతున్న లారీ వైపు చూసింది.

"ఆ యేడు సగం ఇంట్లనే దాసుకున్న తమ్మీ. బండ్లె తక్కువ పోసిన. గందుకే మీ అన్న దక్కలేదేమో."

ఆమె ముడి విప్పుతుంటే రెండు చేతులూ చాచాను. దోసిలి నిండా పోసింది.