తెల్లగుడ్ల సాక్ష్యం

దేవుడు చేయని అద్భుతానికి సంఘమంతటి ముందు నిలబడి సాక్ష్యం చెప్పిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, తప్పులేదు. కానీ నా మూలంగా ఒక విధవరాలి మంచిపేరు గోదాట్లో కలవబోయింది. అది మాత్రం నవ్వులాట కాదు.

తొంభైల చివర్లో అమలాపురం దగ్గర ఒక చిన్న కోళ్ల దాణా మిల్లులో మిక్సర్ నా చేతిలో ఉండేది. మాంసం కోళ్ల దాణాలో రక్తవిరేచనాలు రాకుండా మందు కలిపేవాళ్లం. అది దించాక, గుడ్ల కోళ్ల దాణా వేసేముందు, ఒట్టి తవుడు మిక్సర్లో తిప్పి తీసి పక్కన పెట్టాలి. గోడలకంటిన మందు ఆ తవుడుతో వచ్చేస్తుంది.

ఒకరోజు గుడిలో ఉపవాస ప్రార్థన. పాట ఎత్తవలసింది నేనే, వేళ మించిపోతోంది.

"తవుడు తిప్పేవా అబ్బాయ్?" అన్నారు మా మేస్త్రి సత్యంగారు.

"లోపల అద్దంలా ఉందండి. ప్రార్థన చేసుకునే గుడ్ల కోళ్ల దాణా మొదలెట్టేను."

"ప్రార్థన నీకు. తవుడు మిక్సర్‌కి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. తిప్పలేదు. చిటికెడు పులిసిన పిండి ముద్దనంతా పులియబెడుతుందని ఆదివారం బడి పిల్లలకు బోధించేది నేనే! చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నా విషయంలో ఆ వినేవాణ్ణీ నేనే.

ఆ గుడ్ల కోళ్ల దాణాను మా సంఘంలోని మార్తమ్మత్తయ్య కొనుక్కెళ్లింది. భర్త పోయాక ఎర్రగుడ్లు పెట్టే నాటుకోళ్లే ఆమెకు ఆధారం. నాలుగో రోజున పరుగున వచ్చింది.

"ఒరేయ్, నా కోళ్లు తెల్లగుడ్లు పెడతన్నాయిరా!"

నాకు ఒళ్లు పులకరించింది. "వాక్యంలో చెప్పినట్టు, ఎర్రనివి మంచులా తెల్లబడ్డాయా? ఇది దేవుడి సూచన అత్తయ్యగారూ!"

"సూచనేం చేసుకోనురా, నాకు ఎర్రగుడ్లు కావాలి గానీ."

ఆదివారం నేను మోషేలాగా చేతులెత్తి సాక్ష్యం చెప్పాను. హల్లెలూయాలు గుడి కప్పుకు తగిలాయి. ఆ సందట్లోనే, ఆమె దగ్గర గుడ్లు కొనే రాహేలమ్మగారు లేచారు.

"నాటుగుడ్లని ఫారం గుడ్లు కలిపి అమ్మి, పైగా అద్భుతమంటారేంటండీ?"

మార్తమ్మత్తయ్య తల వంచుకుంది. ఆ వంగిన తల నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మర్నాడు సత్యంగారు నా కథంతా విని, మిక్సర్ మూత తీసి, గోడను వేలితో గీసి, పచ్చటి పొడిని నా తెల్లచొక్కాకు పూశారు.

"ఇదుగో నీ అద్భుతం. ఈ మందు కడుపులో పడితే ఎర్రగుడ్డు తెల్లబడుద్ది. దాణా మార్చు, మళ్లీ ఎరుపొస్తది."

మిగిలిన బస్తా వెనక్కి తెచ్చి, మంచి దాణా మోసుకెళ్లి ఇచ్చాను. ఆ తెల్లగుడ్లన్నీ గోతిలో పూడ్చాను. ఆ తర్వాతి ఆదివారం మళ్లీ లేచాను, ఈసారి చేతులెత్తకుండా.

"అది అద్భుతం కాదండి, నా బద్ధకం. అత్తయ్యగారు ఒక్క ఫారం గుడ్డు కూడా కలపలేదు."

రాహేలమ్మగారు వెళ్లి మార్తమ్మత్తయ్య చెయ్యి పట్టుకున్నారు. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని, "ఇంకేమైనా అద్భుతాలున్నాయా బాబూ?" అన్నారు.

వెనకనుంచి మార్తమ్మత్తయ్య ఒక ఎర్రగుడ్డు పైకెత్తి చూపించింది.

"ఒకటుందండి అయ్యగారూ. వీడు నిజం చెప్పేడు!"

అక్కడే మోకాళ్లూని ప్రమాణం చేశాను. తవుడు తిప్పనిదే పాట ఎత్తను. ఏ గుడ్డు రంగు మారినా, దేవుణ్ణి స్తుతించే ముందు మిక్సర్ మూత తీసి చూస్తాను. ఆమేన్.