హాజరుపట్టీలో పెన్సిల్ చుక్కలు

మొన్న ఆదివారం పొద్దున బళ్ళారి గాంధీనగర్‌లోని మా అబ్బాయి ఇంటికి ఒక మనిషి వచ్చాడు. మా మనవరాలు డిగ్రీ ముగించి బి.ఎడ్. చేరాలనుకుంటున్నదని ఎవరి ద్వారానో విన్నాడట. చంకలో ఫైలు, చేతిలో రెండు ఫోన్లు పట్టుకుని, చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకి నడిచివచ్చి, ఎవరూ కూర్చోమనకముందే సోఫాలో చతికిలబడ్డాడు.

"పాప కాలేజీకి రావాల్సిన పనే లేదప్పా. అడ్మిషన్ మాది, అటెండెన్స్ మాది, పాఠాల రికార్డు గూడా మావాళ్ళే రాసిస్తారు. పరీక్షకు ఒక్కదానికి వస్తే సాలు" అన్నాడు, ఇంటికే పాలు తెచ్చిపోస్తాననే వాడిలాగా.

మా అబ్బాయి తల ఊపాడు. కోడలు కాఫీ తెచ్చి ఇచ్చింది. నేను మాత్రం లేచి నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసుకున్నాను. ఆ మనిషిని చూసి కలిగిన రోత ఒకటైతే, ఆ మాటలు నాకు కొత్త కావని గుర్తు రావడం మరొకటి. అరవై ఏళ్ళ పైబడి నేను ఎవరికీ చెప్పని ఒక సంగతి ఆ తలుపు వెనకాల నాతో పాటే వచ్చి కూర్చుంది.

నా ఈడు వాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఆ రోజుల్లో బి.ఎడ్.ను బి.టి. అనేవాళ్ళం. బి.ఏ. అయినవాడు హైస్కూల్లో నిలదొక్కుకోవాలంటే అది ఉండి తీరాలి. అందులో సీటు కోసం అడిగే కాగితాలు ఒకటా రెండా. డిగ్రీ పట్టా నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం, మంచి నడవడి కలవాడినని మరో అధికారి మాట, ఒంట్లో జబ్బేదీ లేదని ప్రభుత్వ డాక్టరు చీటీ. మా ఊరు మద్రాసు రాష్ట్రం నుంచి మైసూరులో కలిసి అప్పటికి కొన్నేళ్ళే అయింది కాబట్టి, మేం ఈ రాష్ట్రం వాళ్ళమేనని ఒక ధ్రువపత్రం, కన్నడం చదవను రాయను వచ్చునని పరీక్ష ప్యాసైన కాగితం. కన్నడంతో నాకు ఏ పేచీ లేదు. చిన్నప్పటి నుంచీ వీధిలో మా నోట ఆడిన భాషే, అక్షరాలు కూడా మన అక్షరాలకు తోబుట్టువులే. నాకు ఒళ్ళు మండించినది ఆఫీసులో గుమాస్తా. తల ఎత్తకుండా "నాళె బన్నీ" అనేవాడు. ఆ 'రేపు రండి' కోసం నేను పదకొండు రోజులు వరండాలో నిలబడ్డాను. నల్లరేగడి మీద మా గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ గుమాస్తా తండ్రికి తెలుసు. మా తాత పేరు చెబితే ఆదోని దాకా బండి ఆపేవాళ్ళు. ఆయన మనవడు మంచివాడేనని, ఎన్నడూ చూడని ఒక ఆబ్కారీ అధికారి, కిళ్ళీ నములుతూ, నా మొహం కూడా చూడకుండా రాసిచ్చాడు. డాక్టరు నా రొమ్ము కొలిచి, ఎడమ భుజం మీద పుట్టుమచ్చ ఉందని రాసుకున్నాడు. సంతలో ఎద్దుకు కూడా అంతకంటే ఎక్కువ మర్యాద దక్కుతుంది.

మా ఆస్తి మా నాన్న తరంలో ఎట్లా కరిగిపోయిందో ఇక్కడ చెప్పను. చెప్పడం నాకు ఇష్టం లేదు. నేను బి.ఏ. ముగించేసరికి మిగిలింది మా అమ్మ, నేను, మా ఇంటి పేరు. కౌల్ బజారు వెనక మా తాత పత్తి నిల్వచేసుకునే పెద్ద గోదాము ఉండేది. దాన్ని ఆయన బతికుండగానే హైస్కూలుకు ఇచ్చేశారు. గుమ్మం పైన రాతిపలక మీద ఆయన పేరు చెక్కి ఉండేది. ఆ బడిలోనే నాకు ఇంగ్లీషు, చరిత్ర చెప్పే పని దొరికింది. శిక్షణ లేనివాడిని కాబట్టి నా జీతం ప్రభుత్వ గ్రాంటులో రాదు. బడి కమిటీవాళ్ళు చేతికి ఇచ్చేవాళ్ళు, దానికి రసీదు కూడా ఉండదు.

మా హెడ్మాస్టరు గారు మిషను సంఘంలో పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవులు. తెల్లటి పంచె, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు. ప్రతి సోమవారం మా పాఠాల నోట్సు తెప్పించుకుని ప్రతి పేజీ చదివి, తప్పుంటే పక్కన సన్నగా గీత గీసేవారు. ఆదివారం వాళ్ళ ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. ఆయన గొంతు వినడానికని వేరే సంఘం వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళట. ఆయన గదిలో మేజా మీద టీచర్ల హాజరుపట్టీ ఉండేది, పొద్దున వచ్చి అందరూ సంతకం చేయాలి.

నేను చేయలేదు.

ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ అప్పుడు అది నాకు గొప్పగా తోచింది. గుమ్మం మీద మా తాత పేరుంది, ఆ గుమ్మం కింద నుంచి నేను లోపలికి వచ్చానని ఎవరికి రుజువు చూపాలి అనుకున్నాను. హెడ్మాస్టరు గారు రెండుసార్లు అడిగారు. "సంతకం పెట్టు నాయనా, అది బడి కోసం గాదు, నీ కోసమే" అన్నారు. నేను నిటారుగా నిలబడి, నా పని నా క్లాసులో కనబడుతుంది లెండి అన్నాను. మూడోసారి ఆయన అడగలేదు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. తాము కళ్ళారా చూసిన ప్రతి టీచరు గడిలోనూ పెన్సిల్‌తో ఒక చిన్న చుక్క పెట్టేవారు, టీచర్లు దాని మీద సంతకం చేసేవాళ్ళు. నా వరుసలో రెండేళ్ళ పాటు చుక్కలు మాత్రమే ఉండిపోయాయి.

నా వరుస కింద ఇంకొక వరుస ఉండేది. అది మా కరస్పాండెంటు గారి అల్లుడిది. ఆ కరస్పాండెంటు ఒకప్పుడు మా తాత దగ్గర గుమాస్తా. నన్ను చంకనెత్తుకుని 'చిన్న ధణీ, చిన్న ధణీ' అంటూ తిప్పిన మనిషి. బడి కమిటీ చేతికొచ్చాక ఆ దొరతనపు పిలుపు ఆయన నోట్లో నుంచి ఎటో పోయింది. అల్లుడు యశ్వంతనగర్‌లో గనుల కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూసేవాడు. ఆదివారం బళ్ళారి వచ్చి, మామగారు బడి తాళం తీసి ఇస్తే, వారం మొత్తానికీ సంతకాలు చేసి సాయంత్రం లారీ ఎక్కి వెళ్ళిపోయేవాడు. ఒక్క పాఠం చెప్పినవాడు కాదు. అతని గడుల్లో సంతకాలున్నాయి, చుక్కల్లేవు. తనిఖీకి వచ్చిన వాళ్ళు సంతకాలే చూస్తారు, చుక్కలు ఎవరికి కావాలి.

శిక్షణ లేని పట్టభద్రులను పై ఏడాది నుంచి ఉంచుకోవడానికి వీల్లేదని ఉత్తర్వు వచ్చింది. బి.టి. సీటుకు మిగతా కాగితాలన్నీ ఉన్నాయి. ఒక్కటి తక్కువ. గుర్తింపు పొందిన బడిలో రెండేళ్ళు పనిచేసినట్టు కరస్పాండెంటు రాసి, హెడ్మాస్టరు కింద సంతకం చేసిన ధ్రువపత్రం. దరఖాస్తు గడువు పది రోజులే ఉంది. ఆ సీటు దొరకకపోతే నా ఉద్యోగం పోతుంది, నేనూ మా అమ్మా ఎట్లా బతుకుతామో నాకు తెలియదు.

కౌల్ బజారులో కరస్పాండెంటు అంగడికి వెళ్ళాను. నలుగురు మనుషులున్నారు. ఆయన లేవలేదు.

"ఏందప్పా, ఇంతదూరం వచ్చినావు? కూర్సో" అన్నాడు.

నేను కూర్చోకుండానే వచ్చిన పని చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

"రెండేండ్లలో ఒక్క సంతకం గూడా లేదు గదప్పా! నువ్వు ఇస్కూలుకు వచ్చినావో, బజార్లో తిరుగుతాంటివో నాకెట్ల తెలుస్తాది? మా అల్లుణ్ణి సూడు. యశ్వంతనగర్లో ఉండుకోని ఈడ పాఠాలు చెప్తాండాడు. నువ్వు ఈడ ఉండీ చెప్పనోడివి అయినావు."

అంగట్లో వాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో ఇవాళ్టికీ ఉంది.

తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. "దానికేముండాది లే. ఆదివారం బడికి రా. నల్ల సిరా, నీలి సిరా రెండూ పెడతా. మార్చి మార్చి రాసుకో. అయితే ఒగ మాట. మీ హెడ్మాస్టరు మా అల్లుడి కాగితం మీద సంతకం పెట్టనని మూడు నెలల్నుంచి మొండికేసినాడు. పెడితే ఇద్దరికీ పెట్టల్ల, లేదంటే ఇద్దరికీ లేదు. పోయి చెప్పు."

ఆయన్ను అసహ్యించుకుంటూ ఇంటికి వచ్చాను. అన్నం సయించలేదు. రెండు రోజులు ఎక్కడికీ కదల్లేదు. నేను నిజంగా చేసిన పనికి దొంగ సంతకాలు కావలసి వచ్చాయి. చేయని వాడి దగ్గర అసలు సంతకాలే ఉన్నాయి. ఆ మామా అల్లుళ్ళ మీద, ఆఫీసుల మీద, కాగితాల మీద నాకున్న ఏవగింపు అంతా ఇంతా కాదు. కానీ నన్ను ఆడించే ఆ తాళం చెవి వాళ్ళ చేతికి ఇచ్చింది ఎవరు? రోజుకు ఒక్క సంతకం, అరనిమిషం పని.

మూడో రోజు హెడ్మాస్టరు గారింటికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. "మిమ్మల్ని అడగడానికి రాలేదు, తెలియాలని చెప్పాను" అన్నాను. అడగలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అడగకుండా చెప్పి, చెప్పిన తర్వాత కూడా గుమ్మంలోనే నిలబడి ఉండటాన్ని ఏమంటారో చదివేవారికి వేరే చెప్పక్కర్లేదు.

ఆయన, "మీ అమ్మకు ఆరోగ్యం ఎట్లుండాది నాయనా?" అని మాత్రం అడిగారు.

ఆదివారం ఆయన ఆరాధన ముగించుకుని ఆ బట్టల్తోనే బడికి వచ్చారు. నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, పట్టీ తెరిచి, చుక్క ఉన్న గడి మీద వేలు పెడితే నేను సంతకం చేసేవాడిని. సిరా ఆరాక ఆయన రబ్బరుతో చుక్క చెరిపేవారు. నల్ల సిరా, నీలి సిరా ఏదీ మార్చనని, ఒకే కలంతో రాస్తానని పట్టుబట్టాను. నాకు అప్పటికి మిగిలిన పౌరుషం అంత. మా నాన్న తద్దినం కోసం నేను బడికి రాని రోజు దగ్గర చుక్క లేదు. అక్కడ ఆయన స్వయంగా 'సెలవు' అని రాశారు. ఎదురుగా కూర్చున్న కరస్పాండెంటు అది చూసి, "అయ్యో, దొంగ లెక్కలో గూడా సెలవా!" అని తొడ చరుచుకున్నాడు. హెడ్మాస్టరు గారు తల ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటాక రెండు ధ్రువపత్రాలు ఆయన ముందు పెట్టారు. నాదాని మీద వెంటనే సంతకం చేశారు. రెండోదాని ముందు పాళీ తుడిచారు, మళ్ళీ తుడిచారు. చేశారు. బయటికి వచ్చాక, రాతిపలక కింద నిలబడి, నా వైపు చూడకుండా అన్నారు:

"రెండూ నీకోసమే పెట్టినా నాయనా. ఒకటి నువ్వు చేసినదానికి, ఇంకొకటి నువ్వు చెయ్యనిదానికి."

నాకు సీటు వచ్చింది. అల్లుడికీ వచ్చింది. ఏడాది పాటు హాస్టల్లో నా పక్క మంచమే అతనిది. నమూనా పాఠానికి నా బొమ్మల పటాలు అడిగి తీసుకునేవాడు, సిగ్గు లేకుండా. నేనూ ఇచ్చేవాడిని. ఏ మొహం పెట్టుకుని కాదనగలను? తర్వాత అతను ఇన్‌స్పెక్టరు అయ్యాడు. ఒకసారి నేను పనిచేసే బడికి తనిఖీకి వచ్చి, హాజరుపట్టీ తిరగేసి, నా వరుస మీద వేలు ఆడించి, "భేష్, ఒక్క దినం గూడా తప్పలేదే!" అన్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ నేను అందరికంటే ముందు సంతకం చేశాను. చేసే ముందు గడిలో పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకునేవాడిని. ఎందుకని ఎవరైనా అడిగితే అలవాటు అనేవాడిని.

హెడ్మాస్టరు గారు పోయినప్పుడు పరామర్శకు వెళ్ళాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, ఆయన గురించి అదీ ఇదీ చెబుతూ, మాటల మధ్యలో అన్నది: "నువ్వు బి.టి.కి పోయిన ఏడు నుంచి ఆయన ఆరాధనలో వాక్యం చదవనే లేదప్పా. కండ్లు సరిగా కనపడవని సంఘంలో చెప్పినారు. ఇంట్లో చూస్తే సన్నక్షరాలు గూడా అద్దాలు లేకుండానే చదువుతా ఉండ్రి. ఎందుకో నాకు ఎప్పుడూ తెలియలా."

నాకు తెలుసు. చెప్పలేదు. ఆమెకు నమస్కారం పెట్టి వచ్చేశాను.

మొన్న వచ్చిన మనిషి ఫైలు లోంచి ఒక ఫారం తీసి ఇచ్చి వెళ్ళాడు. ఈ రోజుల్లో బడుల్లో వేలు పెడితే హాజరు తీసుకునే యంత్రాలున్నాయట. దానికీ ఉపాయం ఉందని అతను చెప్పుకుపోవడం, మా వాళ్ళు మెచ్చుకోవడం తలుపు వెనక నుంచి నాకు వినబడుతూనే ఉన్నాయి. అబద్ధం అప్పుడూ ఉండేది, నేను కాదనను. అందులో నా చేయి కూడా ఉంది. కానీ ఒక్క సంతకానికి జీవితాంతం కళ్ళు కనపడవని చెప్పుకుని ఆరాధనలో వెనక బల్ల మీద కూర్చున్న మనిషి కూడా ఉండేవాడు. ఇప్పుడు ఆ బల్ల ఖాళీ.

ఆ సాయంత్రమే మా మనవరాలు ఆ ఫారం పట్టుకుని నా గదికి వచ్చింది. "నువ్వు బి.టి. చేసినావు గదా తాతా, నువ్వేమంటావు?" అని అడిగింది. నోరు తెరిచి, ఆ పిల్ల తల పైన గోడ మీద అద్దం కట్టించి పెట్టుకున్న నా పట్టా కనబడి, ఆగిపోయాను. అరవై ఏళ్ళుగా ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చూపించిన పట్టా అది.

"అది దించు ముందు, చెప్తాను" అన్నాను. స్టూలు కోసం ఆ పిల్ల బయటికి వెళ్ళింది.